పని అప్పగించడం, జవాబు అందుకోవడం: ఫోన్ యాప్‌ల గురించి ఒక పాఠం



మన పిల్లల్లో చాలామంది హైస్కూలు నుంచే ఫోన్ యాప్‌లు రాయడం మొదలుపెడుతున్నారు. ఇళ్లలో పెద్దలు చాలామంది అదే రంగంలో ఉద్యోగాలు చేస్తున్నవారు. యాప్ రాయడం రాని తాతగారు, అమ్మమ్మగారు కూడా రోజూ ఏదో ఒక యాప్ వాడుతూనే ఉన్నారు. అందుకని ఈ సంచిక యువత పేజీలో అందరికీ పనికొచ్చే విషయం ఒకటి తీసుకున్నాం. ఒక యాప్ తన పనిని ఇంకో యాప్‌కు అప్పగించి, దాని జవాబును తిరిగి ఎలా అందుకుంటుంది? మధ్యలో ఏదైనా అడ్డం వస్తే ఆ జవాబు ఏమవుతుంది?

పాఠం ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్ల గురించే. ఐఫోన్, ఫ్లట్టర్ వాడేవారి కోసం చివర్లో కొంత చెప్పాం. ప్రోగ్రామింగ్‌తో పరిచయం లేని పెద్దలు మొదటి రెండు భాగాలు చదివి, నేరుగా ఆరో భాగంలోని యూపీఐ విషయానికి వెళ్లవచ్చు. అది డబ్బుకు సంబంధించినది కాబట్టి తప్పకుండా చదవమని మనవి.

1. ఒక యాప్ ఇంకో యాప్‌ను ఎందుకు పిలుస్తుంది?

మన గుడిలో జరిగే అన్నదానం ఫోటోలను ఒకచోట చేర్చే చిన్న యాప్ రాస్తున్నామనుకుందాం. తెర మీద "ఫోటో తీయండి" అనే బటన్ పెట్టాం. దాన్ని నొక్కితే కెమెరా రావాలి. కెమెరాను నడిపే కోడ్ అంతా మనమే రాయాలా? అక్కర్లేదు. ఫోన్‌లో కెమెరా యాప్ ఎలాగూ ఉంది. దాన్ని పిలిచి, ఒక ఫోటో తీసి పెట్టమని అడిగితే చాలు. అలాగే ఫోన్ నంబరు కావాలంటే కాంటాక్ట్స్ యాప్‌ను, ఫైలు కావాలంటే ఫైల్స్ యాప్‌ను, డబ్బు కట్టాలంటే చెల్లింపుల యాప్‌ను పిలుస్తాం.

ఆండ్రాయిడ్‌లో ఒక్కో తెరను యాక్టివిటీ అంటారు. ఒక యాక్టివిటీ ఇంకోదాన్ని పిలవడానికి పంపే చీటీ పేరు ఇంటెంట్. ఏ పని కావాలో, దానికి ఏ వివరాలు అవసరమో ఆ చీటీలో ఉంటాయి. చీటీ నేరుగా అవతలి యాప్‌కు వెళ్లదు. ముందు ఆండ్రాయిడ్‌కు చేరుతుంది. ఆ పని చేయగల యాప్ ఏదో ఆండ్రాయిడ్ చూసి, దాన్ని తెరుస్తుంది. పని ముగిశాక జవాబును కూడా ఆండ్రాయిడే తెచ్చి మనకు ఇస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మామూలు ఫంక్షన్‌ను పిలిస్తే, ఆ వరుస దగ్గరే ఆగి, జవాబు వచ్చాక తరువాతి వరుసకు వెళ్తాం. ఇక్కడ అలా కాదు. కెమెరా తెరవమని చెప్పిన వెంటనే మన కోడ్ ముందుకు వెళ్లిపోతుంది. జవాబు రెండు సెకన్లకు రావచ్చు, పది నిమిషాలకు రావచ్చు. మధ్యలో ఫోన్ మోగితే ఇంకా ఆలస్యం కావచ్చు. కాబట్టి పిలవడం ఒకచోట జరిగితే, జవాబు అందుకోవడం ఇంకోచోట జరుగుతుంది. ఈ రెండింటినీ ఎలా ముడిపెట్టాలన్నదే నేటి పాఠం.

2. చెప్పుల స్టాండు పద్ధతి

ఇక్కడి గుళ్లలో ఎవరి చెప్పులు వాళ్లే అరల్లో పెట్టుకుంటాం గానీ, ఇండియాలో పెద్ద గుళ్ల దగ్గర చెప్పుల స్టాండు ఉంటుంది. చెప్పులు ఇస్తే అక్కడి మనిషి ఒక అరలో పెట్టి, ఆ అర నంబరున్న టోకెన్ మన చేతికి ఇస్తాడు. దర్శనం చేసుకుని వచ్చి టోకెన్ ఇస్తే, నంబరు చూసి మన చెప్పులు తీసిస్తాడు.

మనం లోపల ఉండగా స్టాండులోని మనిషి డ్యూటీ మారిపోయి, కొత్త మనిషి వచ్చాడనుకుందాం. అతనికి మన ముఖం తెలియదు. అయినా ఇబ్బంది లేదు. టోకెన్ మీద 47 ఉంటే, 47వ అరలోవి తీసిస్తాడు. పాత మనిషి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదు. అరలు, వాటి నంబర్లు మారకుండా ఉంటే చాలు. కొత్త మనిషి వచ్చీ రాగానే అరలన్నిటికీ నంబర్లు మార్చేస్తే మాత్రం ఎవరి చెప్పులో మనకు వస్తాయి.

ఇందులో మూడు విషయాలు ఉన్నాయి. భక్తులు రాకముందే అరలు సిద్ధంగా ఉండాలి. టోకెన్ నంబరుకూ అర నంబరుకూ పొత్తు ఉండాలి. మనిషి మారినా నంబర్ల వరుస మారకూడదు. పాఠంలో మిగతాదంతా ఈ మూడింటి మీదే నడుస్తుంది.

3. పాత పద్ధతి

ఆండ్రాయిడ్ మొదటి ఫోన్ జీ1 అమెరికాలో 2008 అక్టోబరులో అమ్మకానికి వచ్చింది. ఆ మొదటి రూపం నుంచే ఈ పనికి ఒక పద్ధతి ఉంది. పిలవడానికి "స్టార్ట్ యాక్టివిటీ ఫర్ రిజల్ట్" అనే ఫంక్షన్, జవాబు అందుకోవడానికి "ఆన్ యాక్టివిటీ రిజల్ట్" అనే ఫంక్షన్. పిలిచేటప్పుడు ఇంటెంట్‌తో పాటు ఒక నంబరు ఇస్తాం. దాన్ని రిక్వెస్ట్ కోడ్ అంటారు. అదే మన టోకెన్.

జవాబుతో మూడు వస్తాయి. ఒకటి, మనం ఇచ్చిన టోకెన్ నంబరు. రెండు, ఫలితం ఏమిటో చెప్పే రిజల్ట్ కోడ్. మూడు, వివరాలున్న ఇంటెంట్. రిజల్ట్ కోడ్‌లలో ముఖ్యమైనవి రెండు. పని అయితే వచ్చే "రిజల్ట్ ఓకే" విలువ -1. కాకపోతే వచ్చే "రిజల్ట్ క్యాన్సిల్డ్" విలువ 0. విజయానికి మైనస్ ఒకటి ఏమిటని పిల్లలకు వింతగా ఉంటుంది. అందుకే అంకె రాయకుండా ఎప్పుడూ పేరే వాడాలి.

జవాబు పంపే యాక్టివిటీ "సెట్ రిజల్ట్" అని పిలిచి ఫలితం పెట్టి, "ఫినిష్" అని తన తెర మూసుకుంటుంది. ఏమీ పెట్టకముందే మనిషి వెనక్కి వెళ్లిపోతే, ఆండ్రాయిడ్ తనంతట తానే "క్యాన్సిల్డ్" అని పంపుతుంది. అవతలి తెర మధ్యలో కూలిపోయినా అదే వస్తుంది. కాబట్టి "క్యాన్సిల్డ్" అంటే మనిషి వద్దన్నాడని మాత్రమే కాదు, పని పూర్తయినట్టు కబురు రాలేదని కూడా అర్థం చేసుకోవాలి. ఈ తేడా ఆరో భాగంలో అవసరమవుతుంది.

పాత పద్ధతిలో కష్టం ఏమిటంటే, ఒక యాక్టివిటీకి వచ్చే జవాబులన్నీ ఒకే ఫంక్షన్‌లోకి వచ్చిపడతాయి. కెమెరా జవాబు, కాంటాక్ట్ జవాబు, ఫైలు జవాబు అన్నీ అక్కడికే. నంబర్లు చూసి ఏది ఏదో మనమే వేరుచేయాలి. ఇద్దరు కలిసి రాసే యాప్‌లో ఇద్దరూ 100 అనే నంబరే వాడితే ఒకరి జవాబు ఇంకొకరికి వెళ్తుంది. వచ్చిన ఇంటెంట్‌లో ఏ పేరుతో ఏ వివరం ఉందో కూడా గుర్తుపెట్టుకుని రాయాలి. పేరులో ఒక్క అక్షరం తప్పినా కంపైలర్ చెప్పదు. యాప్ వాడేటప్పుడే బయటపడుతుంది.

4. అడిగినవారే లేకపోతే?

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం.

మన యాప్ కెమెరాను పిలిచింది. కెమెరా తెర ముందుకు వచ్చింది, మన యాప్ వెనక్కి వెళ్లింది. కెమెరాకు మెమరీ చాలా కావాలి. ఫోన్‌లో మెమరీ తక్కువగా ఉంటే ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్‌లను ఆపేసి ఖాళీ చేసుకుంటుంది. అప్పుడు మన యాప్ ప్రాసెస్ మొత్తం పోతుంది. వేరియబుల్స్‌లో దాచుకున్నవన్నీ పోతాయి. ఆ సంగతి యాప్ వాడుతున్నవారికి తెలియదు. వాళ్లు ఫోటో తీసి, టిక్ గుర్తు నొక్కుతారు.

ఆండ్రాయిడ్ అప్పుడు మన యాప్‌ను మళ్లీ లేపి, ఆ తెరను కొత్తగా కట్టి, జవాబును ఈ కొత్త తెరకు ఇస్తుంది. అడిగింది పాత తెర, అందుకునేది కొత్త తెర. చెప్పుల స్టాండులో డ్యూటీ మారినట్టే. జవాబు అందుకునే ఏర్పాటు పాత తెర చేతుల్లో మాత్రమే ఉంటే ఆ జవాబు ఎవరికీ అందదు. కొత్త తెర కూడా పుట్టగానే అవే అరలు, అదే వరుసలో కట్టుకుంటే సరిగ్గా అందుతుంది.

ఇది ఎప్పుడో అరుదుగా జరిగేది అనుకోకూడదు. మెమరీ ఎక్కువున్న మన కొత్త ఫోన్‌లో పరీక్షిస్తే ఒక్కసారి కూడా కనిపించకపోవచ్చు. ఊళ్లో బంధువులు వాడే తక్కువ ధర ఫోన్‌లో అదే యాప్ పదే పదే ఫోటోలు పోగొట్టవచ్చు. యాప్ రాసినవారికి కనపడని ఇబ్బందిని వాడేవారు పడతారు. ఫోన్‌ను అడ్డంగా తిప్పినా, ప్రత్యేకంగా ఏర్పాటు చేయకపోతే ఆండ్రాయిడ్ తెరను కూల్చి కొత్తగా కడుతుంది. అప్పుడు ప్రాసెస్ బతికే ఉంటుంది గానీ తెర మాత్రం కొత్తది.

5. కొత్త పద్ధతి: ఒప్పందం, నమోదు, పిలుపు

ఈ కష్టాలు తీర్చడానికి గూగుల్ "యాక్టివిటీ రిజల్ట్ ఏపీఐ" అనే కొత్త పద్ధతి తెచ్చింది. ఆండ్రాయిడ్ ఎక్స్ లైబ్రరీలలో అది 2021 ఫిబ్రవరిలో స్థిరమైన రూపంలో వచ్చింది. ఆ లైబ్రరీలలో పాత ఫంక్షన్ల మీద ఇక వాడవద్దన్న గుర్తు పెట్టారు. కొత్త పద్ధతిలో మూడు అడుగులు ఉన్నాయి.

మొదటి అడుగు ఒప్పందం. దీన్ని కాంట్రాక్ట్ అంటారు. ఏం ఇస్తే ఏం తిరిగి వస్తుందో ఇందులో ముందే తేలిపోతుంది. తరచుగా వాడేవి లైబ్రరీలో సిద్ధంగా ఉన్నాయి.

"టేక్ పిక్చర్": ఫోటో ఎక్కడ దాచాలో చిరునామా ఇస్తాం. దాచిందా లేదా అన్నది నిజం లేక అబద్ధంగా తిరిగి వస్తుంది.

"గెట్ కంటెంట్": ఏ రకం ఫైలు కావాలో చెప్తాం. ఎంచుకున్న ఫైలు చిరునామా వస్తుంది. ఏమీ ఎంచుకోకపోతే ఖాళీ వస్తుంది.

"పిక్ కాంటాక్ట్": ఏమీ ఇవ్వక్కర్లేదు. ఎంచుకున్న కాంటాక్ట్ చిరునామా వస్తుంది.

"రిక్వెస్ట్ పర్మిషన్": ఏ అనుమతి కావాలో పేరు ఇస్తాం. ఇచ్చారా లేదా అన్నది వస్తుంది.

"పిక్ విజువల్ మీడియా": ఫోటో పికర్‌ను తెరుస్తుంది. మనిషి ఎంచుకున్న ఫోటో ఒక్కటే మన యాప్‌కు కనిపిస్తుంది. మొత్తం గ్యాలరీ చూసే అనుమతి అడగక్కర్లేదు.

రెండో అడుగు నమోదు. "రిజిస్టర్ ఫర్ యాక్టివిటీ రిజల్ట్" అనే ఫంక్షన్‌కు ఒప్పందాన్ని, జవాబు వచ్చాక ఏం చేయాలో చెప్పే కాల్‌బ్యాక్‌ను ఇస్తాం. అది మనకు ఒక లాంచర్ ఇస్తుంది. అర కట్టడం అంటే ఇదే.

మూడో అడుగు పిలుపు. బటన్ నొక్కినప్పుడు ఆ లాంచర్ మీద "లాంచ్" అంటాం. అంతే. నంబర్లు ఎంచడం, జవాబులు వేరుచేయడం అంతా లైబ్రరీ చూసుకుంటుంది. ఒక్కో లాంచర్ జవాబు దాని కాల్‌బ్యాక్‌కే వస్తుంది.

ఇక పిల్లలు గుర్తుంచుకోవలసిన నియమాలు ఇవి.

ఒకటి: నమోదు ముందే చేయాలి. బటన్ నొక్కినప్పుడు కాదు, తెర పుట్టేటప్పుడే. క్లాసు మొదట్లో వేరియబుల్‌గా రాస్తే సరిపోతుంది. తెర వాడుకకు వచ్చాక నమోదు చేయబోతే లైబ్రరీ ఒప్పుకోదు, యాప్ అక్కడే ఆగిపోతుంది. మొదటిసారి చూసినవారికి ఇది అనవసరమైన పట్టుదలలా అనిపిస్తుంది. నాలుగో భాగం చదివాక కారణం తెలుస్తుంది. కొత్తగా పుట్టిన తెరలో ఎవరూ బటన్ నొక్కరు, జవాబు మాత్రం వస్తుంది. బటన్‌లో అర కడితే ఆ జవాబుకు అర ఉండదు.

రెండు: వరుస మారకూడదు. యాక్టివిటీలో నమోదులు ఏ వరుసలో చేశామో దాన్ని బట్టే లైబ్రరీ లోపల నంబర్లు ఇస్తుంది. ఒక నమోదును "ఇలా ఉంటేనే" అనే షరతు లోపల పెడితే, ఈసారి మూడు అరలు, మరోసారి రెండు అరలు అవుతాయి. అప్పుడు కాంటాక్ట్ కోసం కట్టిన అరకు ఫోటో జవాబు వెళ్తుంది. వాడినా వాడకపోయినా నమోదులన్నీ ప్రతిసారీ చేయాలి. పిలవడానికి మాత్రం షరతు పెట్టుకోవచ్చు.

మూడు: జవాబుకు కావలసిన వివరాలు కూడా దాచుకోవాలి. "టేక్ పిక్చర్" నుంచి వచ్చేది నిజం లేక అబద్ధం మాత్రమే. ఫోటో ఎక్కడ ఉందో మనం ముందు ఇచ్చిన చిరునామాలో ఉంది. మధ్యలో ప్రాసెస్ పోతే ఆ చిరునామా ఉన్న వేరియబుల్ కూడా పోతుంది. ఫోటో ఫోన్‌లో ఉంటుంది, జవాబు "నిజం" అని వస్తుంది, ఎక్కడుందో మాత్రం మన యాప్‌కు తెలియదు. కాబట్టి పిలవకముందే ఆ చిరునామాను "సేవ్డ్ స్టేట్ హ్యాండిల్"లో దాచాలి. జెట్‌ప్యాక్ కంపోజ్ వాడేవారు "రిమెంబర్ సేవబుల్"లో దాచాలి. కంపోజ్‌లో లాంచర్ కోసం "రిమెంబర్ లాంచర్ ఫర్ యాక్టివిటీ రిజల్ట్" ఉంది.

నాలుగు: జవాబులో పెద్ద సరుకు పెట్టకూడదు. యాప్‌ల మధ్య కబుర్లు బైండర్ అనే దారిలో వెళ్తాయి. ఒక ప్రాసెస్‌కు ఒకేసారి నడిచే కబుర్లన్నిటికీ కలిపి ఆ దారిలో దాదాపు 1 ఎంబీ చోటే ఉంటుంది. మొత్తం ఫోటోను జవాబులో పెడితే యాప్ కూలిపోతుంది. ఫోటోను ఫైలులో పెట్టి, ఆ ఫైలు చిరునామా మాత్రమే పంపాలి.

ఐదు: కాదన్న జవాబుకు కూడా దారి చూపాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకే అనుమతిని రెండుసార్లు వద్దంటే, ఫోన్ ఇక ఆ ప్రశ్నే చూపించదు. యాప్ మళ్లీ మళ్లీ అడిగినా వెంటనే "లేదు" అనే వస్తుంది. అలాంటప్పుడు బటన్ పనిచేయనట్టు వదిలేయకుండా, అనుమతి ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో చెప్పి, సెట్టింగ్స్‌కు దారి చూపడం మర్యాద. పిలిచిన పని చేయగల యాప్ అసలు ఫోన్‌లో లేకపోవచ్చు కూడా. అప్పుడు వచ్చే "యాక్టివిటీ నాట్ ఫౌండ్" అనే పొరపాటును పట్టుకుని, ఆ మాట అర్థమయ్యేలా చెప్పాలి.

6. డబ్బు విషయంలో: యూపీఐ

ఫోటో పోతే మళ్లీ తీసుకోవచ్చు. డబ్బు అలా కాదు. ఈ పాఠం మన కుటుంబాలకు నేరుగా తగిలేది ఇక్కడే.

ఇండియాలో ఎన్‌పీసీఐ సంస్థ 2016లో యూపీఐ మొదలుపెట్టింది. 2023 జనవరిలో, అమెరికాతో సహా 10 దేశాల ఫోన్ నంబర్లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలను యూపీఐకి కలుపుకునే వీలు కల్పించింది. అందువల్ల ఇక్కడ పిస్కాటవేలో కూర్చుని ఊళ్లో గుడికి విరాళం పంపడం, అమ్మానాన్నల ఇంటి ఖర్చులు కట్టడం కొన్ని బ్యాంకుల ఖాతాదారులకు సాధ్యమవుతోంది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక యాప్ నుంచి యూపీఐతో కట్టేటప్పుడు జరిగేది పైన చెప్పిన పనే. విరాళం యాప్ ఒక ఇంటెంట్ పంపుతుంది. అందులో ఎవరికి కట్టాలో ఆ యూపీఐ చిరునామా, పేరు, మొత్తం, లావాదేవీ గుర్తు సంఖ్య ఉంటాయి. ఫోన్‌పే, గూగుల్ పే, భీమ్ వంటి యాప్ తెరుచుకుంటుంది. పిన్ నొక్కుతాం. తరువాత విరాళం యాప్‌కు జవాబు తిరిగి వస్తుంది. అందులో లావాదేవీ సంఖ్యతో పాటు స్థితి ఉంటుంది. ఆ స్థితి మూడు రకాలు: అయింది, కాలేదు, పంపాం కానీ ఇంకా తేలలేదు.

చాలా యాప్‌లు మొదటి రెండింటికే కోడ్ రాసి, మూడోదాన్ని వదిలేస్తాయి. దానికి తోడు, పిన్ నొక్కాక జవాబు రాకముందే మనం వెనక్కి వస్తే విరాళం యాప్‌కు "క్యాన్సిల్డ్" అనే అందుతుంది. బ్యాంకులో మాత్రం డబ్బు కట్ అయిపోయి ఉండవచ్చు. యాప్ "విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అని చూపిస్తే, నమ్మి మళ్లీ నొక్కినవారికి రెండుసార్లు పోతుంది.

అందుకని యాప్ రాసే పిల్లలకు చెప్పేది ఇది. ఫోన్‌లో యాప్ నుంచి యాప్‌కు వచ్చిన జవాబు కబురు మాత్రమే, రసీదు కాదు. డబ్బు నిజంగా చేరిందా లేదా అన్నది మన సర్వరు చెల్లింపుల సంస్థను అడిగి తెలుసుకోవాలి. యాప్‌కు వచ్చిన "అయింది" అనే మాటను కూడా అలా సరిచూసుకోకుండా రసీదు ఇవ్వకూడదు, ఎందుకంటే ఫోన్‌లో ఆ జవాబును నకిలీ చేయవచ్చు. ప్రతి విరాళానికి పిలుపుకు ముందే గుర్తు సంఖ్య కేటాయించి సర్వరులో రాసుకోవాలి. జవాబు రాకపోయినా ఆ సంఖ్యతో తరువాత అడగవచ్చు. తేలనంతసేపు తెర మీద "తెలుసుకుంటున్నాం, మళ్లీ కట్టవద్దు" అని స్పష్టంగా చూపాలి.

కట్టే పెద్దలకు చెప్పేది ఇది. యాప్ విఫలమైందన్నా, తెర అలాగే నిలిచిపోయినా వెంటనే మళ్లీ నొక్కకండి. ముందు మీ యూపీఐ యాప్‌లో లావాదేవీల పట్టీ చూడండి. తరువాత బ్యాంకు ఖాతా చూడండి. అక్కడ కనిపించే 12 అంకెల సంఖ్యను రాసి పెట్టుకోండి. బ్యాంకును అడగాలన్నా, గుడి వారిని అడగాలన్నా అదే ఆధారం. భారతీయ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, యూపీఐలో డబ్బు కట్ అయ్యి అవతలి వ్యక్తి ఖాతాకు చేరకపోతే మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి. వ్యాపారులకు కట్టింది ఖరారు కాకపోతే 5 రోజుల్లోగా రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఆ ఆదేశాల్లో ఉంది. ఇక్కడ మనకు రాత్రి పది గంటలైతే అక్కడ మరునాడు ఉదయం అయి ఉంటుంది కాబట్టి, రోజులు లెక్కపెట్టేటప్పుడు ఇండియా తేదీనే చూసుకోవాలి.

7. ఐఫోన్, ఫ్లట్టర్ వాడేవారికి

ఐఫోన్‌లో ఫోటో ఎంచుకునే తెర మన యాప్ మీదే తెరుచుకుంటుంది. జవాబు అందుకోవడానికి డెలిగేట్ అనే వస్తువును ముందే నియమిస్తాం. సాధారణంగా డెలిగేట్‌ను ఆ తెర గట్టిగా పట్టుకుని ఉంచదు. మన వైపు ఎవరూ పట్టుకోకపోతే అది మాయమై జవాబు ఎవరికీ అందదు. ఇక ఒక చిరునామా ద్వారా వేరే యాప్‌ను తెరిస్తే, అది తెరుచుకుందా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. లోపల ఏం జరిగిందో దానంతటది తిరిగి రాదు. కాబట్టి చెల్లింపు విషయంలో సర్వరును అడగడం ఐఫోన్‌లో ఇంకా ముఖ్యం.

ఫ్లట్టర్‌లో ఒక తెరను తెరిచి "అవెయిట్" అంటే జవాబు చక్కగా తరువాతి వరుసలో దొరుకుతుంది. చూడటానికి సులువుగా ఉంటుంది గానీ, ఆండ్రాయిడ్‌లో ప్రాసెస్ పోతే ఆ ఎదురుచూపు కూడా పోతుంది. అందుకే ఫోటోల కోసం వాడే "ఇమేజ్ పికర్" ప్లగిన్‌లో "రిట్రీవ్ లాస్ట్ డేటా" అనే ఫంక్షన్ పెట్టారు. యాప్ మొదలవగానే దాన్ని పిలిచి, పాత జవాబు ఏదైనా మిగిలిపోయిందేమో చూసుకోవాలి.

8. యాప్ లోపలి పనులకూ ఇదే సూత్రం

పని అప్పగించడం వేరే యాప్‌కే కానక్కర్లేదు. ఇంటర్నెట్ నుంచి పంచాంగం తెచ్చుకోవడం, ఫోటోలు పంపడం వంటివి మన యాప్ లోపలే వెనక నడుస్తాయి. కోట్లిన్ భాషలో దీనికి కొరూటిన్లు ఉన్నాయి. "లాంచ్" అంటే పని మొదలవుతుంది, ఫలితం తిరిగి రాదు. "అసింక్" అంటే పని మొదలై, తరువాత "అవెయిట్" అన్నప్పుడు ఫలితం చేతికి వస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది పని అవసరాన్ని బట్టి ఉంటుంది. తెర ఉన్నంతసేపే కావలసిన పనిని తెరతో ముడిపెట్టాలి. ఫోన్ తిప్పినా ఆగకూడని పనిని వ్యూ మోడల్‌తో ముడిపెట్టాలి. యాప్ మూసినా పూర్తికావలసిన పనిని వర్క్ మేనేజర్‌కు ఇవ్వాలి. అది పనిని తన డేటాబేస్‌లో రాసుకుంటుంది కాబట్టి ప్రాసెస్ పోయినా మళ్లీ మొదలుపెట్టగలదు. దాని జవాబులో కూడా పెద్ద సరుకు పట్టదు. 10 కేబీ వరకే పరిమితి.

9. ఎలా పరీక్షించాలి?

ఫోన్ సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి "డోంట్ కీప్ యాక్టివిటీస్" అన్నదాన్ని ఆన్ చేయండి. అప్పుడు తెర వదిలిన వెంటనే ఆండ్రాయిడ్ దాన్ని కూల్చేస్తుంది. మీ యాప్ నుంచి కెమెరా తెరిచి, ఫోటో తీసి, వెనక్కి రండి. ఫోటో కనిపిస్తే మొదటి పరీక్ష నెగ్గినట్టే.

రెండో పరీక్ష ఇంకా గట్టిది. కెమెరా తెర ముందుండగా కంప్యూటర్ నుంచి ఏడీబీ ద్వారా "ఏఎం కిల్" ఆదేశంతో మీ యాప్ ప్రాసెస్‌ను ఆపండి. తరువాత ఫోటో తీసి టిక్ నొక్కండి. అప్పుడు కూడా ఫోటో వస్తే మీ ఏర్పాటు సరిగా ఉన్నట్టు. పరీక్ష అయ్యాక ఆ ఆప్షన్ ఆఫ్ చేయడం మరవకండి. లేకపోతే ఫోన్‌లో మిగతా యాప్‌లు కూడా ఇబ్బంది పెడతాయి.

10. అభ్యాసం

పిల్లలూ, కింది ప్రశ్నలకు ముందు మీరే జవాబు ఆలోచించి, తరువాత సరిచూసుకోండి.

మొదటి ప్రశ్న: లాంచర్ నమోదును బటన్ నొక్కినప్పుడు జరిగేలా రాస్తే ఏమవుతుంది?
జవాబు: అప్పటికే తెర వాడుకలో ఉంటుంది కాబట్టి లైబ్రరీ ఒప్పుకోదు, యాప్ ఆగిపోతుంది. ఒకవేళ ఒప్పుకున్నా, కొత్తగా పుట్టిన తెరకు ఆ నమోదు ఉండదు.

రెండో ప్రశ్న: ఫోటో తీశాక "నిజం" అని వచ్చింది, కానీ యాప్‌లో ఫోటో కనిపించలేదు. ముందుగా ఏం చూడాలి?
జవాబు: ఫోటో చిరునామాను మామూలు వేరియబుల్‌లో పెట్టామా, లేక తెర కొత్తగా పుట్టినా నిలిచే చోట దాచామా అన్నది.

మూడో ప్రశ్న: సభ్యులైన వారికే ఫైలు ఎంచుకునే సౌకర్యం ఇవ్వాలి. షరతు నమోదుకు పెట్టాలా, పిలుపుకు పెట్టాలా?
జవాబు: పిలుపుకు. నమోదు అందరికీ ఒకే వరుసలో జరగాలి.

నాలుగో ప్రశ్న: విరాళం యాప్‌కు "క్యాన్సిల్డ్" అని వచ్చింది. తెర మీద "డబ్బు కట్ కాలేదు" అని చూపవచ్చా?
జవాబు: చూపకూడదు. కబురు రాలేదన్నది మాత్రమే మనకు తెలుసు. సర్వరు ద్వారా కనుక్కున్నాకే చెప్పాలి.

ఇంట్లో పిల్లలు యాప్ రాస్తుంటే, తల్లిదండ్రులు పై రెండు పరీక్షలు దగ్గరుండి చేయించండి. పెద్దవారి ఇళ్లలో ఉన్న పాత ఫోన్ ఒకటి ఇచ్చి అందులో నడిపి చూడమనండి. ఏ పని అప్పగించినా, జవాబు ఎవరు అందుకుంటారో ముందే ఏర్పాటు చేయడం, "కాదు", "ఇంకా తెలియదు" అనే జవాబులకు కూడా చోటు పెట్టడం అలవాటైతే, వాళ్లు రాసిన యాప్‌ను ఇంట్లో అందరూ నిశ్చింతగా వాడగలుగుతారు.